"వాసన పోతుందా, బాబూ?": ఛాతీ మీద తిరగబెట్టిన రొమ్ము కేన్సర్‌కి విద్యుత్ పల్సుల చికిత్స, ఒక కేసు

ఈ కేసు రాయడానికి ఆవిడ బతికుండగానే ఒప్పుకున్నారు. "నా పేరు రాయకు బాబూ, మిగతాది రాసుకో, ఇంకొకరికి పనికొస్తుంది" అన్నారు. పేరుతోపాటు ఊరు, కుటుంబం సంగతులు కూడా ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను. వైద్యం ఎలా జరిగిందో మాత్రం, నేను చేసిన పొరపాటుతో సహా, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నేను ఇంగ్లండ్‌లో ప్లాస్టిక్ సర్జన్‌ని. చర్మ కేన్సర్లు, కేన్సర్ పుండ్లు నా రోజువారీ పని. అందులో భాగంగా ఎలక్ట్రోకీమోథెరపీ చేస్తాను. కొద్దిగా కీమో మందు ఇచ్చి, గడ్డ ఉన్నచోట మాత్రం క్షణంలో వెయ్యోవంతు, పదివేలోవంతు సేపుండే విద్యుత్ పల్సులు పంపడమే ఈ చికిత్స. తెలుగులో దీని గురించి చదవడానికి దాదాపు ఏమీ దొరకదు. దొరికినా "కరెంటుతో కేన్సర్ మాయం" అనే తరహాలో ఉంటుంది. ఈ కేసు ఎంచుకోవడానికి అదొక కారణం.

మొదటి రోజు

ఆవిడకి 71 ఏళ్లు. గుంటూరు వైపు నుంచి నలభై ఏళ్ల కిందట, ఇక్కడ డాక్టరుగా చేరిన భర్త వెంట వచ్చారు. భర్త పోయి చాలా కాలమైంది. కొడుకు, కోడలి దగ్గర ఉంటున్నారు. కన్సల్టేషన్ గదిలోకి రాగానే నా బల్ల ముందున్న కుర్చీని గోడ దాకా వెనక్కి జరుపుకుని కూర్చున్నారు. శాలువా మెడ దాకా కప్పుకున్నారు. అగరుబత్తి వాసన వచ్చింది. దాని అడుగున ఇంకో వాసన ఉంది. కేన్సర్ పుండు కుళ్లేటప్పుడు వచ్చే వాసన అది, ఒకసారి తెలిసినవాళ్లు మర్చిపోలేరు. అది నాకు తెలిసిపోయిందని ఆవిడకీ తెలిసింది.

తొమ్మిదేళ్ల కిందట ఎడమ రొమ్ము తీసేశారు. చంకలోని లింఫ్ గ్రంథులూ తీశారు. తర్వాత 15 విడతల్లో 40 గ్రే రేడియేషన్ ఇచ్చారు. కేన్సర్ హార్మోన్‌కి స్పందించే రకం, హర్-2 అనే ప్రోటీన్ ఎక్కువగా లేని రకం. హార్మోన్‌ని అణిచే లెట్రొజోల్ మాత్ర మీద అయిదేళ్లకు పైగా బాగానే గడిచింది. ఆ తర్వాత ఆపరేషన్ గీత పక్కన సెనగగింజంత ఎర్రటి బుడిపెలు రెండు వచ్చాయి. ఫుల్వెస్ట్రాంట్, పాల్బోసిక్లిబ్ అనే మందులు వాటిని కొన్నాళ్లు ఆపాయి. తర్వాత కేపెసిటబిన్ అనే కీమో మాత్ర. ఆ తర్వాత వారం వారం పాక్లిటాక్సెల్ అనే కీమో పెడితే కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి, చొక్కా గుండీ కూడా పెట్టుకోలేని స్థితి వచ్చి ఆపేశారు. వెన్నుపూసలు రెండింటిలో కేన్సర్ ఉంది, కానీ ఏడాదిగా కదలడం లేదు. ఊపిరితిత్తులు, కాలేయం అప్పటికి శుభ్రంగానే ఉన్నాయి. పెరుగుతున్నదంతా ఛాతీ చర్మం మీదే.

కట్టు విప్పి చూశాం. పొడవు 13, వెడల్పు 9 సెంటీమీటర్ల మేర 31 బుడిపెలు. ఫొటో తీసి ఒక్కొక్కటీ లెక్కపెట్టాం. మధ్యలో మూడున్నర సెంటీమీటర్ల పుండు. గాజుగుడ్డ ఎత్తగానే రక్తం ఊరింది. ఎడమ చెయ్యి వాచి ఉంది, భుజం సగమే లేస్తుంది. ఈ భుజం సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ వస్తుంది.

రోజుకి మూడుసార్లు కట్టు మార్చేది కోడలే. వాసన తగ్గడానికి బొగ్గుపొర ఉన్న డ్రెస్సింగులు, మెట్రోనిడజోల్ జెల్ అన్నీ వాడుతున్నారు. వారానికి రెండు రోజులు నర్సు ఇంటికి వచ్చేది. రాత్రి పక్క తడిసిపోతుందని ఆవిడ పాత చీరలు పరుచుకుని కింద గదిలో ఒంటరిగా పడుకునేవారు. టివిడేల్‌లో బాలాజీ గుడికి ప్రతి శనివారం వెళ్లే మనిషి వెళ్లడం మానేసి ఎనిమిది నెలలైంది.

నేను ఏం చేయగలనో చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపి ఒకటే అడిగారు.

"ఎన్నాళ్లు బతుకుతానో నిన్ను అడగను బాబూ. వాసన పోతుందా?"

కేసు షీటులో లక్ష్యం రాసేచోట నేను ఆ ముక్కే రాశాను: వాసన, రక్తం ఆగాలి. ఆ తర్వాత ప్రతి నిర్ణయం ఆ వాక్యాన్ని బట్టే తీసుకున్నాం.

పల్సు కణంలో చేసే పని

మన ప్రతి కణం చుట్టూ కొవ్వుతో చేసిన పొర ఉంటుంది. దాని మందం సుమారు 5 నానోమీటర్లు. బ్లియోమైసిన్ అనే పాత కీమో మందు ఆ పొర దాటి లోపలికి పోలేదు. అది నీళ్లలో కరిగే పెద్ద అణువు, కొవ్వు దాన్ని రానివ్వదు. లోపలికి పోతే మాత్రం డీఎన్‌ఏని ముక్కలుగా కత్తిరిస్తుంది. తాళం వేసిన తలుపు బయట నిలబడ్డ మంచి పనివాడిలాంటిది ఆ మందు.

ఆ తలుపు తీసేది విద్యుత్ క్షేత్రం. సెంటీమీటరుకి 1000 వోల్టులు అంటే భయంగా ఉంటుంది కాబట్టి లెక్క చూడండి. కణం వ్యాసార్ధం 10 మైక్రోమీటర్లు అనుకుంటే, ఆ క్షేత్రం వల్ల కణపొర మీద పడేది దాదాపు 1.5 వోల్టులు. టీవీ రిమోట్‌లో వేసే ఒక సెల్లు ఇచ్చేంత. కాకపోతే అది పడేది 5 నానోమీటర్ల మందం మీద. ఆ ఒత్తిడికి పొరలో సన్నని రంధ్రాలు ఏర్పడతాయి. పల్సు ఆగాక కొన్ని నిమిషాల్లో అవి మూసుకుంటాయి. ఈలోగా మందు లోపలికి పోవాలి. దీన్నే ఎలక్ట్రోపొరేషన్ అంటారు. ప్రయోగశాలలో కణాల్లోకి జన్యువులు పంపడానికి ఈ కిటుకు వాడవచ్చని 1982లో జర్మనీలో ఎబర్‌హార్డ్ నాయ్‌మన్ బృందం చూపింది. దాన్ని కేన్సర్ రోగుల దాకా తెచ్చింది పారిస్ పక్కన విల్‌జూయిఫ్‌లోని గుస్తావ్ రూసీ సంస్థలో లూయిస్ మీర్ బృందం. తల, మెడ కేన్సర్లు ఉన్న ఎనిమిదిమంది మీద, మొత్తం 40 గడ్డలకు చేసిన తొలి పరీక్ష ఫలితాలు 1993లో అచ్చయ్యాయి. సగానికి పైగా గడ్డలు కంటికి కనబడకుండా పోయాయి.

పల్సులు తగిలితే బ్లియోమైసిన్ దెబ్బ వందల రెట్లు పెరుగుతుంది. అందుకే మందు చాలా తక్కువ సరిపోతుంది. వృషణాల కేన్సర్‌కి తొమ్మిది వారాల్లో మొత్తం 2,70,000 యూనిట్ల బ్లియోమైసిన్ ఇవ్వడం మామూలు. ఈవిడకి మేం ఒక విడతలో ఇచ్చింది 15,500. జుట్టు రాలదు, రక్తకణాలు పడిపోవు.

ఇంకొక సంగతి ఈ కేసుకి ప్రాణం. పల్సు తగిలిన చోట చిన్న రక్తనాళాలు వెంటనే బిగుసుకుంటాయి. లోపలికి చేరిన మందు కాసేపు బయటికి పోదు, రక్తం కారడం ఆగుతుంది. తర్వాతి రోజుల్లో గడ్డకి రక్తం తెచ్చే నాళాల గోడ కణాలు కూడా చచ్చిపోతాయి. రక్తం కారే పుండుకి నేను ఈ చికిత్స కోసం పట్టుబట్టేది ఇందుకే.

2006లో యూరప్‌లోని నాలుగు కేంద్రాలు కలిసి ఒకే పద్ధతి రాసుకుని అచ్చువేశాయి. ఎన్ని పల్సులు, ఎంత మందు, ఎన్నో నిమిషం నుంచి ఎన్నో నిమిషం దాకా అన్నీ అందులో ఉన్నాయి. ఆ అధ్యయనంలో 41 మంది రోగుల్లో 171 గడ్డలు చూస్తే 85 శాతం తగ్గాయి, 74 శాతం పూర్తిగా పోయాయి. కానీ ఆ గడ్డల్లో ఎక్కువ భాగం మూడు సెంటీమీటర్లకు లోపువి. పెద్దవాటిలో ఫలితం తగ్గుతుందని తర్వాత వచ్చిన అధ్యయనాలు చెప్పాయి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్యానికి మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2013లో చర్మంలోకి పాకిన కేన్సర్లకు దీన్ని వాడవచ్చని చెప్పింది. ఈ అంకెలు నేను కొడుక్కి కాగితం మీద రాసి చూపించాను. అంకెలు గడ్డలవి, మనిషివి కావని కూడా చెప్పాను. గడ్డ పోవడం వేరు, ఆయుష్షు పెరగడం వేరు.

కొడుకు అడిగినవి

కొడుకు ఇంజినీరు, బాగా చదువుకుని వచ్చారు. "నానోనైఫ్ అని ఉందట డాక్టర్ గారూ. మందు కూడా అక్కర్లేదట. అది ఎందుకు చేయరు?"

అది మంచి ప్రశ్న. నానోనైఫ్ చేసేదీ ఎలక్ట్రోపొరేషనే, కాకపోతే రంధ్రాలు మళ్లీ మూసుకోని స్థాయిలో. సెంటీమీటరుకి 1500 వోల్టుల చొప్పున, ప్రతి సూదుల జతకీ 70 నుంచి 90 పల్సులు, గుండె కొట్టుకునే లయతో కలిపి ఇస్తారు. కణం తనంతట తానే చస్తుంది. 2005లో డావలోస్, మీర్, రుబిన్‌స్కీ ఈ ఆలోచనని కాగితం మీద పెట్టారు. వేడితో కాల్చదు కాబట్టి పెద్ద రక్తనాళాల, పిత్తనాళాల చట్రం మిగిలిపోతుంది. అందుకే పాంక్రియాస్, కాలేయంలో కత్తి పెట్టలేని, వేడి పెట్టలేని చోట్ల దాన్ని వాడతారు. 2024 చివర్లో అమెరికాలో ప్రోస్టేట్‌కి కూడా అనుమతి వచ్చింది. అయినా అదీ సర్వరోగ నివారిణి కాదు. పాంక్రియాస్ కేన్సర్‌లో దాన్ని ఖచ్చితమైన రేడియేషన్‌తో పోల్చిన డచ్ అధ్యయనం క్రాస్‌ఫైర్‌లో రోగులు దీనివల్ల ఎక్కువ కాలం బతకలేదు. విశాలంగా, పలచగా పరుచుకున్న ఛాతీ చర్మానికి అది పనిముట్టు కాదు. అక్కడ చర్మాన్నీ కండరాన్నీ చంపకుండా కేన్సర్ కణాలనే దెబ్బతీయాలి. మందు విభజన చెందే కణాలనే ఎక్కువగా పట్టుకుంటుంది కాబట్టి ఎలక్ట్రోకీమోథెరపీలో ఆ తేడా దొరుకుతుంది.

హైదరాబాద్‌లో ఉన్న చుట్టాలు వాట్సాప్‌లో పంపిన రెండు వీడియోలు కూడా చూపించారు. ఒకదాంట్లో మెదడు కేన్సర్‌కి నెత్తికి అతికించుకునే పరికరం. అది 200 కిలోహెర్ట్జ్ దగ్గర గంటల తరబడి నడిచే బలహీనమైన క్షేత్రం, పల్సు కాదు, పని చేసే తీరే వేరు. రెండోదాంట్లో ఒకతను ఇంట్లో కూర్చుని చేతికి తీగలు చుట్టుకుని కేన్సర్ పోగొట్టుకుంటున్నాడు. అలాంటిది ఏదీ కొనొద్దని గట్టిగా చెప్పాను. కణపొర తెరుచుకోవాలంటే క్షేత్రం ఒక స్థాయి దాటాలి. ఆ స్థాయిలో కండరాలు ఎంత గట్టిగా ఎగిరిపడతాయో చూసినవాళ్లు దాన్ని ఇంట్లో చేసుకోవచ్చని అనరు. తెలుగువాళ్లు ఎక్కడున్నా ఈ చికిత్స చేస్తామన్న చోటికి వెళ్తే మూడు అడగండి: ఏ మందు ఇస్తారు, పల్సులకి ఏ పద్ధతి పాటిస్తారు, ఇప్పటికి ఎంతమందికి చేశారు. నిజంగా చేసేవాళ్లు మూడింటికీ తడుముకోకుండా చెబుతారు.

తయారీ

బ్లియోమైసిన్‌కి ఊపిరితిత్తులంటే పగ. ఎక్కువైతే అవి గట్టిపడిపోతాయి. మేం ఇచ్చే మోతాదులో ఆ ప్రమాదం చాలా తక్కువ. అయినా శ్వాస పరీక్ష చేయించకుండా నేను ఎవరినీ థియేటర్‌కి తీసుకెళ్లను. ఈవిడది పరవాలేదు. కిడ్నీల పనితీరు మాత్రం తగ్గి ఉంది. ఈ మందు బయటికి పోయేది కిడ్నీల ద్వారానే కాబట్టి మామూలుగా చదరపు మీటరుకి ఇచ్చే 15,000 యూనిట్లకు బదులు 10,000 లెక్కన ఇవ్వాలని కేన్సర్ డాక్టరూ నేనూ అనుకున్నాం. వయసు మళ్లినవాళ్లలో తగ్గించిన మోతాదుతోనూ ఫలితం బాగానే ఉంటుందని స్లొవేనియా బృందం రాసింది. పేస్‌మేకర్ లేదు, మూర్ఛ లేదు. రక్తం పలచబడే మాత్ర ముందే ఆపాం.

సీటీ స్కాన్‌లో నేను చూసింది ఒకటే, చర్మం నుంచి పక్కటెముకల దాకా మందం ఎంత అని. రొమ్ము తీసేసి, రేడియేషన్ ఇచ్చిన ఛాతీ చాలా పలచగా ఉంటుంది. సూది ఎక్కువ లోతుకి పోతే ఊపిరితిత్తి పొరని తాకుతుంది. అందుకని పొడవు తక్కువ సూదులున్న ఎలక్ట్రోడ్ ఎంచుకున్నాం. ఎడమ వైపు, కింద గుండె ఉంది. చర్మంలో ఇచ్చే ఈ కొద్దిపాటి పల్సులు గుండె లయని చెడగొట్టేంత బలంగా అక్కడికి చేరవు. అయినా మత్తు డాక్టరు ఈసీజీ మీదినుంచి కళ్లు తీయలేదు.

ఇంకో రెండు చిన్న జాగ్రత్తలు. బ్లియోమైసిన్ ఒంట్లో ఉండగా చర్మం గీరుకున్నా, ప్లాస్టర్ గట్టిగా పీకినా ఆ చోట నల్లటి మచ్చ పడి నెలల తరబడి ఉండిపోతుంది. చామనఛాయ చర్మం మీద ఇంకా ఎక్కువ. ఈసీజీ స్టిక్కర్లు మెల్లగా, నీళ్లతో తడిపి తీయమని థియేటర్ నర్సులకు ముందే చెప్పాను. రెండోది, మత్తులో ఆక్సిజన్ అవసరమైనంతే ఇవ్వడం. ఎక్కువ ఆక్సిజన్, బ్లియోమైసిన్ కలిస్తే ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఆ తర్వాత ఎప్పుడు ఆపరేషన్ జరిగినా మత్తు డాక్టరుకి చూపించమని కార్డు ఒకటి ఇచ్చాం. ఆవిడ దాన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో వేంకటేశ్వరస్వామి బొమ్మ వెనక పెట్టుకున్నారు.

నొప్పి గురించి, వాసన గురించి ముందే చెప్పాను. "అమ్మా, మొదటి రెండు మూడు వారాలు వాసన తగ్గకపోగా పెరగొచ్చు. గడ్డ చచ్చి ఊడిపోయేటప్పుడు అలా ఉంటుంది. దానికి బెంగపడకండి." ఈ మాట ముందు చెప్పకపోతే రోగి రెండో వారంలో ఆశ వదులుకుంటారు. గతంలో ఒక పేషెంటు అలా నాకు దూరమయ్యారు. అప్పటినుంచి ఎవరికీ చెప్పడం మర్చిపోలేదు.

మొదటి విడత

మత్తు ఇచ్చాక బ్లియోమైసిన్ నరంలోకి ఒక నిమిషం లోపు ఎక్కించాం. గడియారం మొదలు. మందు గడ్డలన్నింటిలోకీ చేరడానికి ఎనిమిది నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత 28వ నిమిషం దాకా మంచి సమయం. అంటే చేతిలో ఉన్నది ఇరవై నిమిషాలు.

ఎలక్ట్రోడ్ చేతిలో ఇమిడే పిడి. దాని చివర ఏడు సూదులు, ఆరు చుట్టూ ఒకటి మధ్యన. చర్మంలోకి గుచ్చి, కాలితో పెడల్ నొక్కితే ఒక్కో జత సూదుల మధ్య ఎనిమిది పల్సులు, ఒక్కోటి 100 మైక్రోసెకన్లు. రెండు మూడు క్షణాల్లో అయిపోతుంది. ప్రతిసారీ ఛాతీ కండరం ఒక్కసారి ఎగిరిపడుతుంది. తెర మీద ఎంత కరెంటు పోయిందో కనిపిస్తుంది. తీసి, పక్కన, పాత గుర్తులు కొద్దిగా కలిసేలా మళ్లీ గుచ్చాలి. బుడిపెల మీద ఒక్కటే కాదు, వాటి మధ్య బాగా కనిపించే చర్మం మీద, చుట్టూ ఒక సెంటీమీటరు మేర కూడా. మా అమ్మ సంక్రాంతికి వేసే సందు చుక్కల ముగ్గు గుర్తొస్తుంది నాకు. ఒక వరుస చుక్కలు పై వరుస చుక్కల మధ్య సందుల్లో పడాలి. ఒక్క చుక్క తప్పితే గీత కలవదు. ఇక్కడ తప్పితే మిగిలేది బతికున్న కేన్సర్.

మధ్యలో పుండుతో మొదలుపెట్టాను. రెండోసారి గుచ్చేసరికి రక్తం ఊరడం తగ్గింది. పుండంతా అయ్యేసరికి ఆగిపోయింది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. తెల్లటి గాజుగుడ్డ పెట్టి తీస్తే తెల్లగానే వచ్చింది. థియేటర్‌లో ఆవిడ సంగతి అందరికీ తెలుసు కాబట్టి అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

ఇరవై రెండో నిమిషానికి పై అంచుకి, చంక వైపుకి వచ్చాను. నా తప్పు అక్కడ బయటపడింది. పొద్దున వార్డులో ఆవిడ కూర్చుని, చెయ్యి కిందికి వదిలి ఉండగా నేను పెన్నుతో హద్దు గీశాను. ఇప్పుడు పడుకోబెట్టి, చెయ్యి పక్కకి చాపితే చర్మం జరిగింది, గీత ఒకటిన్నర సెంటీమీటరు అవతలికి పోయింది. భుజం సగమే లేస్తుంది కనక చంక దగ్గర చర్మం మడతలోనే ఉండిపోయింది. రేడియేషన్ తగిలి తోలులా బిగుసుకున్న చర్మం అది. సూదులు ఏడూ సమంగా దిగలేదు, తెర మీద కరెంటు తక్కువ చూపించింది. రెండుసార్లు తీసి మళ్లీ గుచ్చాను. గడియారం 28 దాటుతుండగా ఆ అంచుని అనుకున్నంత మేర ముగించకుండానే ఆపాను. మొత్తం 58 సార్లు గుచ్చినట్టు నర్సు లెక్క. చంక అంచు ఎంతవరకు అయిందో, ఎక్కడ సందేహమో బొమ్మ గీసి నోట్స్‌లో రాశాను. ఆ సాయంత్రం కొడుక్కి కూడా చెప్పాను.

తర్వాతి వారాలు

మర్నాడే ఇంటికి పంపాం. మొదటి మూడు రోజులు హాయిగా ఉన్నారు. నాలుగో రోజు నుంచి నొప్పి, పదికి ఆరు. పారాసెటమాల్ చాలలేదు, కొద్ది మోతాదులో మార్ఫిన్ పది రోజులు వాడాం. రెండో వారంలో చెప్పినట్టే వాసన పెరిగింది. కోడలు ఫోన్ చేసింది. "మీరు ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎమర్జెన్సీకి తీసుకొచ్చేసేవాళ్లం అన్నయ్యగారూ." కానీ రక్తం మాత్రం థియేటర్‌లో ఆగింది ఆగినట్టే ఉంది.

నాలుగో వారానికి బుడిపెలన్నీ నల్లటి పక్కులు కట్టాయి. పెద్ద పుండు మీద అర సెంటీమీటరు మందాన గట్టి పక్కు. దాన్ని తీసేద్దామా అని నర్సు అడిగితే వద్దన్నాను. అడుగున కొత్త చర్మం పాకడానికి అదే కప్పు. తొందరపడి గీకితే మళ్లీ రక్తం మొదలవుతుంది. పొడిగా ఉంచితే చాలు. ఎనిమిదో వారంలో దానంతట అదే ఊడింది. కింద గులాబీ రంగు కండ, అంచుల్లో కొత్త చర్మం.

పన్నెండో వారంలో ఫొటో తీసి పాత ఫొటో పక్కన పెట్టుకుని కూర్చున్నాం. 31లో 24 బుడిపెలు లేవు. అయిదు సగానికి తగ్గాయి. రెండు అలాగే ఉన్నాయి, వాటి పక్కన మూడు కొత్తవి వచ్చాయి. అవన్నీ చంక అంచున, నేను సందేహం అని బొమ్మలో గీసిన చోటే. పుండు మూడున్నర సెంటీమీటర్ల నుంచి ఒకటికి వచ్చింది. కట్టు రెండు రోజులకొకసారి. ఛాతీ నిండా సూది గుర్తులు నల్లటి చుక్కలుగా వరుసల్లో ఉన్నాయి. ఆవిడ అద్దంలో చూసుకుని, "సంక్రాంతి ముగ్గుకి చుక్కలు పెట్టి గీతలు కలపడం మర్చిపోయినట్టుంది బాబూ" అన్నారు. నేను థియేటర్‌లో అనుకున్న మాట ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రోజు కుర్చీ వెనక్కి జరపలేదు. అది నేను ఆవిడ వెళ్లాక గానీ గమనించలేదు.

రెండో విడత

చంక అంచు కోసం మళ్లీ చేయాలని ఆవిడకి చెప్పాను, ఎందుకు మిగిలిందో కూడా చెప్పాను. "నీ తప్పేముంది, నా భుజం లేవకపోతే" అన్నారు. భుజం లేవదని నాకు మొదటి రోజే తెలుసు. దానికి తగ్గట్టు ఏర్పాటు చేసుకోవలసింది నేనే.

ఈసారి నాలుగు వారాల ముందునుంచే ఫిజియోథెరపీ పెట్టించాం. భుజం పూర్తిగా రాలేదు, కానీ చంక మడత తెరుచుకునేంత వచ్చింది. హద్దు గీత వార్డులో కాక, థియేటర్ బల్ల మీద, చెయ్యి ఏ భంగిమలో ఉంటుందో ఆ భంగిమలో గీశాను. అన్నిటికన్నా ముఖ్యం, మొదలుపెట్టడమే అంచు నుంచి. ఎనిమిదో నిమిషంలో, ఓపిక, సమయం రెండూ ఉన్నప్పుడు కష్టమైన చోటు చేయాలి, తేలికది చివర్లో ఎలాగూ అవుతుంది. బిగుసుకున్న చర్మంలో ఏడు సూదుల ఎలక్ట్రోడ్ బదులు రెండు వరుసల సన్నసూదులది వాడాను. సూదుల మధ్య దూరం 4 మిల్లీమీటర్లే కావడంతో తక్కువ వోల్టేజీతోనే కావలసిన క్షేత్రం వస్తుంది, దిగడం కూడా సులువు. తెర మీద ప్రతిసారీ కరెంటు సరిగా చూపించింది. 24 సార్లకు, 17వ నిమిషానికి అయిపోయింది.

ఈసారి కోలుకోవడం మొదటిదానికన్నా తేలిక. ఆరో వారానికి అంచు పొడిగా ఉంది. ఎనిమిది వారాల తర్వాత ఛాతీ మీద మిగిలింది కందిగింజంత బుడిపె ఒక్కటి, అది పెరగడం లేదు. పుండు పూర్తిగా మూసుకుంది. చర్మం పలచగా, నల్లగా, అక్కడక్కడ తెల్ల మచ్చలతో ఉంది. ముట్టుకుంటే మొద్దుగా ఉంటుందన్నారు. భుజం వ్యాయామం ఆపొద్దని చెప్పి పంపాం.

ఆవిడ మళ్లీ పైగదిలో, మనవరాలి పక్క మంచం మీద పడుకోవడం మొదలుపెట్టారు. బాలాజీ గుడి నుంచి లడ్డూ ప్రసాదం ఒకరోజు రిసెప్షన్‌లో ఇచ్చి వెళ్లారట, నేను థియేటర్‌లో ఉన్నాను.

మొదటి విడత జరిగిన పదకొండో నెలలో స్కాన్‌లో కాలేయంలో మచ్చలు కనిపించాయి. ఎలక్ట్రోకీమోథెరపీ దాన్ని ఆపేది కాదని ఆవిడకి మొదటినుంచీ తెలుసు. మళ్లీ కీమో వద్దన్నారు. మూడు నెలల తర్వాత ఇంట్లోనే, సొంత గదిలో పోయారు. చివరి వారం చూసిన నర్సు పంపిన నోట్‌లో ఛాతీ గురించి ఒక్క వాక్యమే ఉంది: చర్మం మూసుకునే ఉంది, కట్టు లేదు, వాసన లేదు.